నాలుగు రోజుల దూరం: చిత్తూరులో హైదర్ అలీ మరణం, పొన్నానిలో ఉన్న కొడుకు

మదనపల్లె, రాయచోటి, పీలేరు, వాయల్పాడు... ఈ వైపు ఏ వీధిలో అడిగినా గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఒకడైనా ఉంటాడు. ఇంట్లో పెద్దాయన ఇంతెకాల్ అయితే చుట్టాలు ముందుగా మాట్లాడుకునేది ఒకటే. కొడుకు వచ్చేదాకా ఆగుదామా, జనాజా ఎత్తేద్దామా? కువైట్ నుంచి చెన్నైకి గాల్లో సుమారు 3,800 కిలోమీటర్లు. విమానం ఎక్కితే ఐదు గంటల పని. కానీ సెలవు దొరకాలి, పాస్‌పోర్టు చేతికి రావాలి, టికెట్టు దొరకాలి. చెన్నైలో దిగినాక మళ్ళీ కారులో ఊరికి రావాలి. ఎంత పరుగెత్తినా ఒక రోజు దాటిపోతుంది. చాలామంది కొడుకులు ఫోన్‌లోనే తండ్రి ముఖం చివరిసారి చూసుకుంటారు.

రెండు వందల నలభై ఏళ్ళ కిందట మన చిత్తూరు పక్కనే ఇలాంటి పరిస్థితి ఒకటి వచ్చింది. తండ్రి చనిపోయినాడు. కొడుకు దూరంగా ఉన్నాడు. అప్పుడు ఫోన్ లేదు, రైలు లేదు, విమానం అసలే లేదు. పైగా అక్కడ ఆగి చూస్తున్నది ఒక ఇల్లు కాదు, ఒక రాజ్యం. చనిపోయిన తండ్రి హైదర్ అలీ. దూరంగా ఉన్న కొడుకు టిప్పు సుల్తాన్.

1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గరి నరసింగరాయునిపేటలో హైదర్ అలీ కన్నుమూశాడు. ఆ రోజు టిప్పు మలబారు తీరంలో, పొన్నాని ముందు ఇంగ్లీషువాళ్ళతో యుద్ధంలో ఉన్నాడు. చిత్తూరు నుంచి పొన్నానికి మ్యాపు మీద తిన్నగా గీత గీస్తే సుమారు 440 కిలోమీటర్లు. ఈరోజు వేలూరు, సేలం, కోయంబత్తూరు, పాలక్కాడ్ మీదుగా కారులో పోతే 540 కిలోమీటర్ల దాకా వస్తుంది, పది పదకొండు గంటలు పడుతుంది. మన రేణిగుంట విమానాశ్రయం నుంచి పొన్నానికి దగ్గరలోని కోళికోడ్ విమానాశ్రయానికి గాల్లో కొలిస్తే 475 కిలోమీటర్లు. తిన్నగా ఎగిరితే గంటా గంటంబావు ప్రయాణం. 1782లో ఆ కబురు కొడుకును చేరడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులు, ఆ తర్వాత టిప్పు తిరిగొచ్చేదాకా గడిచిన రోజులు మైసూరు చరిత్రలోనే చాలా బరువైనవి.

ఆ బరువు ఎంతో తెలియాలంటే హైదర్ అలీ బతుకు మొదటి నుంచీ చూడాలి. ఎందుకంటే ఆయన జీవితమంతా దూరంతోనూ సమయంతోనూ పెట్టుకున్న పందెమే.

బూదికోట పిల్లాడు

హైదర్ అలీ 1720 ప్రాంతంలో బూదికోటలో పుట్టాడు. ఇది ఇప్పటి కర్ణాటకలోని కోలారు జిల్లాలో, బంగారుపేట దగ్గర ఉంది. మన కుప్పం, పలమనేరు వాళ్ళకు పొరుగూరు లాంటిదే. ఆయన చనిపోయిన చోటుకీ పుట్టిన ఊరికీ మధ్య తిన్నగా కొలిస్తే సుమారు 110 కిలోమీటర్లు. మధ్యలో ఆయన దక్షిణాదినంతా గుర్రం మీద చుట్టి వచ్చాడు, చివరికి సొంతూరికి ఇంత దగ్గరలోనే ఆగిపోయాడు.

తండ్రి ఫతే ముహమ్మద్ సిపాయి. ఆర్కాటు కొలువులో, మైసూరు కొలువులో, సిరా నవాబు కొలువులో పని చేసినవాడు. హైదర్ ఇంకా చిన్న పిల్లాడిగా ఉండగానే ఆయన ఒక యుద్ధంలో చనిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంటి మీద పడిన కష్టం గురించి ఒక కథ చెప్తారు. తండ్రి బాకీల పేరు చెప్పి దొడ్డబళ్ళాపురంలో అధికారులు ఇల్లంతా దోచుకున్నారట. ఇంకా డబ్బు కక్కించడానికి హైదర్‌నీ, అన్న షాబాజ్‌నీ నగారాలో కూర్చోబెట్టి పైన చర్మం బిగించి వాయించారట. అది నిజమైనా, జనం నోళ్ళలో పెరిగినదైనా, తండ్రి పోయిన పిల్లలకు కొలువుల్లో జరిగేదేమిటో హైదర్‌కు చిన్నప్పుడే తెలిసింది. రాజు చనిపోయిన రోజే ఇంటి మీదికి ఎవరు వస్తారో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చదువు అబ్బలేదు. రాయడం, చదవడం రాదు. కానీ జ్ఞాపకశక్తి మాత్రం అసాధారణం. ఒకే సమయంలో పలువురు మున్షీలకు వేర్వేరు ఉత్తరాలు చెప్పి రాయించేవాడని, చదివి వినిపించినప్పుడు ఒక్క తప్పు కూడా వదిలేవాడు కాదని ఆ కాలపు వాళ్ళు రాసిపెట్టారు. కన్నడం, తెలుగు, తమిళం, మరాఠీ, దక్కనీ ఉర్దూ ధారాళంగా మాట్లాడేవాడు. పలమనేరు కొండ కింద ఊరి రైతుతోనూ, పూణే నుంచి వచ్చిన వకీలుతోనూ మధ్యలో దుబాసీ లేకుండా మాట్లాడగల రాజు ఆయన.

కడప అల్లుడు

1749లో దేవనహళ్ళి కోట ముట్టడిలో హైదర్ మైసూరు సర్వాధికారి నంజరాజు కళ్ళలో పడ్డాడు. అక్కడి నుంచి మెట్టు మీద మెట్టు. ఆ దేవనహళ్ళిలోనే టిప్పు పుట్టాడు. ఈరోజు బెంగళూరు అంతర్జాతీయ విమానాశ్రయం ఉన్నది ఆ ఊరి పక్కనే. మన జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయే చాలామంది విమానం ఎక్కేది అక్కడే.

టిప్పు తల్లి ఫాతిమా ఫక్రున్నిసా మన రాయలసీమ ఆడపడుచు. ఆమె తండ్రి మీర్ మొయినుద్దీన్ కడప కోటకు అధిపతిగా ఉన్నవాడు. పిల్లాడికి ఆర్కాటులోని టిప్పు మస్తాన్ ఔలియా పేరు పెట్టుకున్నారు. ఆమె అన్నదమ్ముడు మీర్ అలీ రజా ఖాన్‌కు గుర్రంకొండతో సంబంధం ఉంది. ఆ కోట మీదా, కింద రంగినీ మహల్ మీదా ఇప్పటికీ ఆ కాలపు గుర్తులున్నాయి. అంటే కడప, గుర్రంకొండ, చిత్తూరు హైదర్‌కు పరాయి సీమ కాదు, అత్తగారి సీమ.

1755లో దిండిగల్ ఫౌజుదారుగా వెళ్ళాడు. అక్కడ ఫ్రెంచివాళ్ళ సాయంతో ఆయుధాల పని నేర్పించాడు, సిపాయిలకు కవాతు నేర్పించాడు. 1761 నాటికి మైసూరు రాజ్యం పగ్గాలు ఆయన చేతికి వచ్చాయి. సింహాసనం మీద ఒడయార్ రాజు ఉన్నాడు, దసరాకు దర్బారు జరిగేది, కానీ హుకుం హైదర్‌ది. తాను మెట్లెక్కిన చేతులనే పక్కకు తోశాడన్న మాట కూడా నిజమే. ఆ కాలంలో గద్దె ఎక్కిన వాళ్ళలో అలా చేయని వాళ్ళు అరుదు. 1763లో బిదనూరు, 1766లో మలబారు ఆయన కిందికి వచ్చాయి. పాలక్కాడ్‌లో కోట కట్టించాడు. ఆ కోట ఉన్న కనుమ దారే తూర్పు సీమకూ పడమటి సముద్రానికీ మధ్య తలుపు. ఈ తలుపు సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

మూడున్నర రోజుల్లో మద్రాసు

హైదర్ బలం ఫిరంగుల్లో ఉందని కొందరు, గుర్రాల్లో ఉందని కొందరు అంటారు. ఇనుప గొట్టాల రాకెట్లనీ చెప్తారు. అన్నీ నిజమే. కానీ శత్రువులు ఎక్కువగా భయపడింది ఆయన వేగానికి. ఎక్కడో ఉన్నాడనుకున్న మనిషి పొద్దున లేచేసరికి గుమ్మం ముందు ఉండేవాడు.

1767లో మొదలైన మొదటి మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సేనలు కొన్నాళ్ళు బారామహల్, కోలారు దాకా వచ్చాయి. 1769 మార్చిలో హైదర్ ఒక ఎత్తు వేశాడు. పెద్ద ఫిరంగులనూ సామాన్లనూ వదిలేసి, సుమారు ఆరు వేల గుర్రపు దళంతో, కొద్దిపాటి కాల్బలంతో బయల్దేరాడు. మూడున్నర రోజుల్లో 130 మైళ్ళు, అంటే 210 కిలోమీటర్లు దాటి మద్రాసు అంచున సెయింట్ థామస్ కొండ దగ్గర దిగాడు. తనను వెంటాడుతున్న ఇంగ్లీషు సేన ఇంకా వెనకాలే ఉంది. కోటలోని దొరలు దిక్కులేక సంధికి ఒప్పుకున్నారు. ఏప్రిల్‌లో మద్రాసు ఒప్పందం కుదిరింది. ఒకరి మీద ఇంకొకరు వస్తే సాయం చేసుకోవాలన్నది అందులో ఒక షరతు.

ఈరోజు మద్రాసు విమానాశ్రయంలో దిగేవాళ్ళకు ఆ కొండ కిటికీలోంచి కనబడుతుంది. 1769లో ఆ కొండ కింద గుర్రాలు కట్టేసింది బూదికోట మనిషే.

ఇంత వేగం గాలిలోంచి ఊడిపడలేదు. మైసూరు సర్కారు పెంచిన పశువుల మందలు ఉండేవి. అవే తర్వాత అమృత్ మహల్ ఎద్దులుగా పేరు పడ్డాయి. గుర్రాలు పరుగెత్తడం వింత కాదు. వేరే సైన్యాల్లో ఫిరంగి బళ్ళు చాలా మెల్లగా కదిలేవి. హైదర్ ఎద్దులు ఫిరంగులను గుర్రాల వెంటే ఈడ్చుకొచ్చేవి. 1781లో చిదంబరం కాపాడుకోవడానికి ఆయన రెండున్నర రోజుల్లో వంద మైళ్ళు నడిచాడంటే ఆ ఎద్దుల పుణ్యమే. ఓడిపోయిన రోజు కూడా శత్రువు కళ్ళ ముందే ఫిరంగులు వెనక్కు లాక్కుపోయేవాడు. మన రైతు భాషలో చెప్పాలంటే, మంచి కాడి ఎద్దులున్నోడే సేద్యగాడు.

వేగానికి ఇంకో సగం కబురు. దారి పొడవునా హర్కారాలు, వేగులవాళ్ళు ఉండేవాళ్ళు. ఎక్కడ ఏం జరిగినా కబురు ముందు ఆయనకే చేరాలి. కబురు ముందు వచ్చినవాడు ముందు కదులుతాడు. ఈ సూత్రం ఆయనకు బాగా పనికొచ్చింది. ఆయన చనిపోయిన తర్వాత కూడా పనికొచ్చింది.

సీమలో, ఆర్కాటులో

మద్రాసు ఒప్పందాన్ని ఇంగ్లీషువాళ్ళు నిలబెట్టుకోలేదు. 1771లో మరాఠాలు మైసూరు మీద పడి దెబ్బ తీసినప్పుడు మద్రాసు నుంచి ఒక్క సిపాయి కూడా రాలేదు. హైదర్ దాన్ని మరిచిపోలేదు. తేరుకున్నాక ఒక్కొక్కటిగా పోయినవి తెచ్చుకున్నాడు. మురారి రావు చేతిలోని గుత్తి కోటను ముట్టడించి తీసుకున్నాడు. 1779లో కడప నవాబు అబ్దుల్ హలీం ఖాన్ లొంగిపోయాడు. రాయలసీమలో చాలా భాగం మైసూరు జెండా కిందికి వచ్చింది.

అదే ఏడాది ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళ మాహే రేవును పట్టుకున్నారు. తనకు ఆయుధాలు దిగే రేవు పోవడం హైదర్ సహించలేకపోయాడు. 1780 జూలైలో 80, 90 వేల సైన్యంతో కనుమలు దిగి కర్ణాటక సీమలోకి వచ్చాడు. సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కర్నల్ బెయిలీ సేనను తుడిచిపెట్టాడు. ఆ యుద్ధంలో టిప్పు చెయ్యి పెద్దది. ఏడాది తిరిగేలోపు నవాబు రాజధాని ఆర్కాటు హైదర్ చేతికి వచ్చింది. 1782లో చంద్రగిరి కోట కూడా వచ్చింది. అప్పటిదాకా ఆ కోట ఆర్కాటు నవాబు తమ్ముడు అబ్దుల్ వహాబ్ ఖాన్ చేతిలో ఉండేది. తిరుపతి క్షేత్రానికి తానే రక్షకుణ్ణని చెప్పుకున్నవాడు ఆయన. ఆ కోట 1792 దాకా మైసూరు కిందనే ఉండింది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. ఇంగ్లీషు సేనకు గడ్డిపోచ కూడా దొరకకూడదని హైదర్ మద్రాసు చుట్టూ ఊళ్ళు తగలబెట్టించాడు, చెరువులు పాడు చేయించాడు, పశువులను తోలించాడు. యుద్ధంలో అది ఎత్తుగడ. ఆ ఊళ్ళలో ఉన్న రైతుకు మాత్రం బతుకే పోయింది. ఆ తర్వాత వచ్చిన కరువులో మద్రాసు వీధుల్లో జనం రాలిపోయారు. హైదర్‌ను మెచ్చుకునేవాళ్ళు ఇది మరిచిపోతే ఆ జనానికి అన్యాయం చేసినట్టే.

సముద్రం గెలిచిన చోట

నేల మీద ఎంత వేగంగా పోయినా, సముద్రం మీద హైదర్‌కు దారి లేదు. కలకత్తా నుంచి ఐర్ కూట్ సేనతో, డబ్బుతో ఓడలో దిగాడు. 1781 జూలై 1న పోర్టోనోవోలో, సెప్టెంబరు 27న మన జిల్లా అంచునే ఉన్న షోళింగూరులో హైదర్ సేన వెనక్కు తగ్గాల్సి వచ్చింది. నవంబరులో చిత్తూరు కోట కూడా కొన్నాళ్ళు ఇంగ్లీషు చేతికి పోయింది. అయినా హైదర్ విరగలేదు. 1782 ఫిబ్రవరిలో తంజావూరు సీమలో టిప్పు కర్నల్ బ్రైత్‌వైట్ సేనను చుట్టుముట్టి పట్టుకున్నాడు.

సముద్రం మాత్రం వదల్లేదు. ఇంగ్లీషువాళ్ళు ఓడల్లో అటు పడమటి తీరంలో దిగి మలబారులో కొత్త యుద్ధం తెరిచారు. తూర్పున ఆర్కాటు, పడమట పాలక్కాడ్. ఒక మనిషి రెండు చోట్ల ఉండలేడు. అరవై దాటిన వయసులో, ఒంట్లో సత్తువ తగ్గుతుండగా, హైదర్ కొడుకును పడమటికి పంపాడు. ఇంటికి పెద్ద కొడుకు, సైన్యానికి పెద్ద దిక్కు దూరంగా వెళ్ళింది అప్పుడే.

టిప్పు వెళ్ళిన పని బాగానే చేశాడు. పాలక్కాడ్ మీదికి వచ్చిన ఇంగ్లీషు సేన వెనక్కు తిరిగితే వెంటాడి పొన్నాని దాకా తరిమాడు. భారతప్పుళ నది సముద్రంలో కలిసే చోట ఉంది ఆ ఊరు. మలబారు ముస్లింల చదువుకు, పాత మసీదులకు పేరున్న చోటు. నవంబరు చివర అక్కడి ఇంగ్లీషు గట్టు మీద దాడి చేశాడు, కానీ అది విరగలేదు. పెద్ద ఫిరంగులు వస్తే మళ్ళీ చూద్దామని అక్కడే దిగి ఉన్నాడు.

నరసింగరాయునిపేట గుడారం

ఇటు నవంబరులో హైదర్ వీపు మీద రాచపుండు లేచింది. పేరులోనే రాచ ఉన్న జబ్బు, రాజులనూ విడిచిపెట్టని జబ్బు. హకీములు, వైద్యులు చేయగలిగింది చేశారు. పుండు తగ్గలేదు. సైన్యం చిత్తూరు దగ్గర నరసింగరాయునిపేటలో దిగి ఉంది. హిజ్రీ 1197 ముహర్రం నెల మొదలయ్యే వేళ, 1782 డిసెంబరు 7న, హైదర్ అలీ ఆ గుడారంలోనే తుది శ్వాస విడిచాడు.

ఆ పొద్దు ఆ గుడారంలో ఉన్నవాళ్ళ పరిస్థితి ఒక్కసారి ఊహించండి. చుట్టూ వేల మంది సైన్యం. అందులో రకరకాల సర్దార్లు, జీతానికి వచ్చిన రౌతులు, ఫ్రెంచి సిపాయిలు. జీతం ఇచ్చే చెయ్యి ఆగిపోయిందని తెలిస్తే తెల్లారేసరికి సగం మంది ఉండరు. మిగిలిన సగం ఖజానా మీద పడతారు. మద్రాసు అక్కడికి 150 కిలోమీటర్లు. ఇంగ్లీషు సేన రెండు మూడు గట్టి మజిలీలు నడిస్తే చాలు. వారసుడేమో పడమటి సముద్రం ఒడ్డున ఉన్నాడు.

ఆ గుడారంలో నిలబడింది ముఖ్యంగా ఇద్దరు. ఒకరు పూర్ణయ్య, ఇంకొకరు కృష్ణారావు. ఇద్దరూ బ్రాహ్మణులు, ఇద్దరూ హైదర్ ఖజానా, లెక్కలు చూసేవాళ్ళు. మరికొందరు నమ్మకమైన సర్దార్లతో కలిసి వాళ్ళు ఒక మాట మీద నిలిచారు. టిప్పు వచ్చేదాకా రాజు బతికే ఉన్నాడు. సర్కారుకు ఒంట్లో బాగా నీరసంగా ఉంది, అంతే. హుకుములు వస్తూనే ఉంటాయి, జీతాలు అందుతూనే ఉంటాయి, పహరా మారుతూనే ఉంటుంది.

హైదర్ దేహాన్ని ఒక పెట్టెలో పెట్టారు. ఖజానా సొమ్ము పంపేటప్పుడు వాడే పెట్టెల్లాంటిదే అది. విలువైన సామాను పోతున్నట్టు పహరాతో రాత్రివేళ కోలారు దారి పట్టించారు. చిత్తూరు నుంచి కోలారుకు తిన్నగా 105 కిలోమీటర్లు, మధ్యలో పలమనేరు వైపు కొండ ఎక్కాలి. కోలారులో తండ్రి ఫతే ముహమ్మద్ కబర్ ఉంది. అక్కడే, ఆ మక్బరాలోనే హైదర్‌ను ముందుగా దించారు. దక్షిణాదిలో ఏ రాజు బయల్దేరినా నగారాలు మోగే కాలం అది. ఆయన చివరి ప్రయాణం మాత్రం చప్పుడు లేకుండా జరిగింది. సైన్యమంతా చుట్టూ ఉండి కూడా, ఆయన జనాజా వెంట నడిచే భాగ్యం ఎవరికీ దక్కలేదు.

కబురు పరుగు

ఆ రోజే పడమటికి కబురు బయల్దేరింది. ఎండాకాలం కాదు కాబట్టి దారిలో తేమ ఉంటుంది, నదులు ఇంకా పారుతుంటాయి. బారామహల్, సేలం సీమ, కోయంబత్తూరు దాటి ఆ పాలక్కాడ్ తలుపు గుండా మలబారులోకి దిగాలి. దారి పొడవునా గుర్రాలూ మనుషులూ మారాలి. డిసెంబరు 11 మధ్యాహ్నం కబురు టిప్పు చేతికి చేరింది. నాలుగు రోజులు. ఇప్పటి రోడ్డు లెక్కన చూస్తే రోజుకు 135 కిలోమీటర్లు.

ఏళ్ళ తరబడి హైదర్ పెంచుకున్న తపాలా, హర్కారాల వ్యవస్థ ఆయన కోసం చేసిన చివరి పని ఇదే.

టిప్పు ఒక్క రోజు కూడా ఆగలేదు. డిసెంబరు 12న పొన్నాని ముందున్న ఇంగ్లీషువాళ్ళు చూస్తే ఎదురుగా ఫిరంగుల మోత లేదు. మైసూరు సైన్యం తూర్పు దారి పట్టింది. ఎందుకు పోతున్నారో వాళ్ళకు వెంటనే అంతు పట్టలేదు.

చిత్తూరు దగ్గర రహస్యం పూర్తిగా ఆగిందా అంటే లేదు. అంత పెద్ద దండులో గుసగుసలు లేకుండా ఉంటాయా? హైదర్ బంధువు మహమ్మద్ అమీన్, ఇంకో సర్దార్ శంసుద్దీన్ బక్షీ కలిసి ఒక పన్నాగం పన్నారు. హైదర్ చిన్న కొడుకు అబ్దుల్ కరీంను గద్దె మీద కూర్చోబెట్టి, పెత్తనం తమ చేతిలో పెట్టుకోవాలన్నది వాళ్ళ ఎత్తు. సంగతి బయటపడింది. ఖజానా దగ్గరివాళ్ళు గొడవ చేయకుండా, వాళ్ళను ఒడుపుగా పట్టి, బేడీలు వేసి శ్రీరంగపట్నం పంపేశారు. దండులో మామూలు సిపాయికి ఏదో నేరం మీద ఇద్దరు పెద్దమనుషులు పట్టుబడ్డారని మాత్రమే తెలిసింది.

మద్రాసులో కూడా కొద్ది రోజుల్లోనే వార్త పొక్కింది. గవర్నర్ మెకార్ట్నీ వెంటనే దండెత్తమని సేనాపతి స్టూవర్ట్‌ను తొందర పెట్టాడు. స్టూవర్ట్ కదల్లేదు. హైదర్ నిజంగా చనిపోయాడని ఆయనకు నమ్మకం కుదరలేదు. ఎద్దులు లేవు, బియ్యం లేదు, సిద్ధం కావాలి అన్నాడు. హైదర్ చుట్టూ తగలబెట్టిన ఊళ్ళే ఆ ఎద్దులనూ బియ్యాన్నీ లేకుండా చేశాయి. ఇంగ్లీషు సేన కదిలింది కొత్త ఏడాది వచ్చాకే.

అప్పటికే టిప్పు వచ్చేశాడు. తండ్రి పోయి నెల తిరగకముందే సైన్యంలో కలిశాడు. ఆర్భాటం లేకుండా పగ్గాలు అందుకున్నాడు. బాకీ ఉన్న జీతాలు ఇప్పించాడు. తండ్రి వదిలిన సైన్యం, ఖజానా, కోటలు ఆయనకు చెక్కుచెదరకుండా దక్కాయి. రాజు చనిపోగానే అన్నదమ్ముల కత్తులు దూసుకునే ఆ కాలంలో ఇది మామూలు సంగతి కాదు. ఆ బలంతోనే 1784 మార్చిలో మంగళూరులో ఇంగ్లీషువాళ్ళతో సమానుడిగా కూర్చొని ఒప్పందం రాయించుకున్నాడు.

గుంబజ్ నీడ

తర్వాత టిప్పు తండ్రి దేహాన్ని కోలారు నుంచి శ్రీరంగపట్నానికి తెప్పించి, తోట మధ్యలో గుంబజ్ కట్టించాడు. నల్లటి నున్నని రాతి స్తంభాల మధ్య హైదర్ అలీ కబర్ ఉంది. పక్కన కడప ఆడపడుచు ఫక్రున్నిసా. 1799లో కోట గోడ దగ్గర కత్తి పట్టుకుని చనిపోయిన టిప్పును కూడా తెచ్చి వాళ్ళ పక్కనే ఉంచారు. చిత్తూరు దగ్గర తండ్రిని కడసారి చూడలేకపోయిన కొడుకు చివరికి తండ్రి పక్కనే చేరినాడు.

పూర్ణయ్య టిప్పు కాలంలోనూ ఉన్నాడు. టిప్పు తర్వాత ఒడయార్ రాజుకు దివానుగా చాలా ఏళ్ళు మైసూరును నడిపాడు.

ఈ నాలుగు రోజుల కథలో మనకు ముందు కనబడేది వేగం. కబురు పరుగెత్తింది, టిప్పు పరుగెత్తాడు. కానీ ఆ వేగం మధ్యలో ఎవరో ఒకరు గుడారంలో కదలకుండా కూర్చోబట్టే అది పనికొచ్చింది. చేతిలో తాళాలున్నా పెట్టె తెరవనివాళ్ళు, వేరే మతం వాళ్ళయినా ఉప్పు తిన్న ఇంటి కొడుకు వచ్చేదాకా కాపలా కాసినవాళ్ళు. వాళ్ళు తప్పు చేసి ఉంటే పొన్నాని నుంచి విమానంలో వచ్చినా టిప్పుకు దక్కేది ఏమీ ఉండేది కాదు.

ఇప్పుడు కువైట్ నుంచి ఐదు గంటల్లో చెన్నైలో దిగొచ్చు. రేణిగుంటలో విమానం ఎక్కితే మధ్యాహ్నానికి ఇంకో రాష్ట్రంలో ఉంటాం. అయినా దూరదేశంలో ఉన్న కొడుకుకు ఇంటి నుంచి ఫోన్ రాగానే గుండె జారేది మాత్రం మారలేదు. అలాంటి ఇళ్ళల్లో ఆ రోజు పక్కింటివాళ్ళే తలుపు తీస్తారు, పిల్లలకు అన్నం పెడతారు, కొడుకు వచ్చేదాకా ఇల్లు చూసుకుంటారు. చాలాసార్లు ఆ పక్కింటివాళ్ళ పేరు వేరే మతం పేరే.

చిత్తూరు నుంచి గుడిపాల వైపు, పలమనేరు వైపు రోజూ ఎన్నో బస్సులు పోతుంటాయి. ఆ దారిలో పోయేవాళ్ళు ఒక్కసారి గుర్తు చేసుకోండి. 1782 డిసెంబరు చలిలో, చప్పుడు చేయకుండా ఒక పెట్టె ఈ కొండ దారి ఎక్కింది. అందులో ఉన్నది దక్షిణాదిని గడగడలాడించిన మనిషి. ఆయనను మోసుకుపోతున్న వాళ్ళలో చాలామందికి తాము ఎవరిని మోస్తున్నదీ తెలియదు.